గ్రామఫోను రికార్డు దేనితో చేయుదురు?



లక్క మీకు క్రొత్త వస్తువు కాదు. పాండవుల లక్కయింటి కథ మీరెఱుగుదురు. లోన గుల్లగానుండు నగలలో కంసాలి లక్క నింపుట చూచియుందురు. ఏటికొప్పాక బొమ్మలకు మెఱుగు నిచ్చునదియు లక్కయే. ఆ లక్కయే ప్రాత గ్రామఫోను రికార్డునకు ప్రాణమని నేడు మీకు విన్నవింపదలచితిని. మీ యిండ్ల అటకలమీద అట్టి రికార్డులు నేటికిని ఉండవచ్చును గనుక, వాని గుణము నెఱుగుట అవసరము.

లక్క చెట్టు జిగురు కాదు. మోదుగ, రేగు మొదలగు చెట్ల లేతకొమ్మలను పట్టి రసము పీల్చు చిన్న పురుగులు తమ దేహరక్షణకై స్రవించు పదార్థమది. ఛోటానాగపూరు ప్రాంతమున దీనిని విశేషముగా పండింతురు. కొమ్మలనుండి గీచిన లక్కను నలుగగొట్టి, కడిగి, ఎఱ్ఱరంగును పోగొట్టుదురు. పిమ్మట పొడవైన గుడ్డసంచిలో పోసి నిప్పులయెదుట మెలిపెట్టగా, కరిగిన లక్క పైకి ఉబుకును. దానిని పలుచని రేకుగా సాగదీసి పెచ్చులు చేయుట పూర్వపద్ధతి.

ఎమీల్ బెర్లినరు అను నాతడు 1887లో పళ్లెపు గ్రామఫోనునకు పేటెంటు కోరెను. మొదట గట్టి రబ్బరుతో రికార్డులు చేయించెను. అచ్చు అంతటను సమముగా పడనందున, ఆ శతాబ్దము ముగియకమునుపే లక్కను చేపట్టెను. వేడికి మెత్తబడుట, అచ్చులోని సన్నని గీతనైనను పట్టుకొనుట, చల్లారగానే గట్టిపడుట అను మూడు గుణములును లక్కయందు కూడియున్నవి.

అయినను రికార్డులో లక్క సాధారణముగా మూడవవంతునకు మించదు. తక్కినది చాలవఱకు సున్నపురాయి, పలకరాయి మొదలగువాని మెత్తని పొడి. నలుపునకు మసియు, బలమునకు ప్రత్తినూగును చేర్చెడివారు. ఈ ముద్దను వేడిచేసి, రెండు లోహపు అచ్చుల నడుమ నదిమి, చన్నీటితో చల్లార్చెడివారు.

రాతిపొడి యెందుకని మీరడుగవచ్చును. వెల తగ్గుట యొక కారణము. ఉక్కుముల్లు బరువున కోర్చు గట్టిదనము రెండవది. మఱియు ఆ పొడి ముల్లును ఆకురాయివలె అరగదీసి, గాడికి సరిపడునట్లు చేయును. అందువలననే ప్రతి ప్రక్కకును క్రొత్త ముల్లు వేయవలెనను నియమ మేర్పడినది. పాటవెనుక వినవచ్చు బుస్సుమను రొదకును ఆ రాతిరేణువులే ముఖ్యకారణము.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను పట్టినపుడు, ఆ మూలములను జర్మనీలోని హానోవరునకు పంపి రికార్డులు అచ్చొత్తించిరి. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసెను. లక్క మాత్రము లోకమునకు ముఖ్యముగా మన దేశమునుండియే పోవుచుండెను. 1942లో, యుద్ధకారణమున, అమెరికా ప్రభుత్వము రికార్డులకు వాడు లక్కను చాలవఱకు తగ్గించెను. అచ్చట ప్రాతరికార్డులను సేకరించి, కరిగించి, క్రొత్తవి చేసిరి. 1948లో అమెరికాలో ఎక్కువసేపు మ్రోగు వినైలు రికార్డులు వెలువడిన పిదప, లక్కరికార్డులు క్రమముగా నంతరించెను.

ఇక సంరక్షణ విషయము. స్పిరిటు లక్కను కరిగించును, దానితో తుడువరాదు. ఎండలోను, పొయ్యిచెంతను ఉంచినచో రికార్డు వంకరపోవును. చెమ్మ తగిలిన బూజు పట్టును. ఒకదానిపై నొకటి పేర్పక, నిలువుగా నుంచి, పొడిగానున్న మెత్తని గుడ్డతో గాడి వెంబడి తుడువవలెను. అరిగిన ముల్లుతో పాడింపరాదు. తెలిసినవారిచే ఆ ధ్వనిని కంప్యూటరులోనికి ఎక్కించి భద్రపఱచుట మఱింత మేలు. పగిలిన రికార్డులోని లక్కను కరిగించి మఱియొకటి చేయవచ్చును. అందలి కంఠమును మాత్రము తిరిగి చేయజాలము.