సూదీ దారం దాచిన పేర్లు

సూదులు గుచ్చుకోవడానికో బుల్లి దిండు. అంచున కాస్త లేసు. మధ్యలో దారంతో కుట్టిన రెండు పూలు... చూడ్డానికి ఇంతే. కానీ ఇలాంటి చిన్న చిన్న కుట్టుపనుల్లోనే ఎందరో తల్లులూ సైనికులూ ఖైదీలూ తమ కథల్ని దాచారు. కాగితానికి ఎక్కని ఆ కథలేంటో చూద్దామా!

మీ ఇంట్లో సూది ఎక్కడుంటుంది? కొన్ని ఇళ్లలో గోడ మీది క్యాలెండరుకు గుచ్చి ఉంటుంది. కొన్నిచోట్ల దారపు ఉండలో, కుట్టుమిషను సొరుగులో, లేదంటే బిస్కెట్లు అయిపోయాక మిగిలిన రేకు డబ్బాలో. ఇక పిన్నీసులంటారా... అమ్మ గాజులకో నల్లపూసలకో వేలాడుతుంటాయి. సూది పోతే వెతికే ఓపిక మనకి లేదు, ఇంకో ప్యాకెట్టు తెచ్చుకుంటాం.

ఒకప్పుడు అలా కాదు. గుండుసూది చేయడమంటే పెద్ద పనే. ఆడమ్ స్మిత్ 1776లో రాసిన 'ద వెల్త్ ఆఫ్ నేషన్స్'లో మొదట్లోనే గుండుసూదుల తయారీ గురించి చెప్పాడు. తీగ సాగదీయడం, కత్తిరించడం, మొన చెక్కడం, తల అతకడం... ఇలా సుమారు 18 పనులు. పదిమంది పంచుకుని చేస్తే రోజుకి 48 వేలు తయారవుతాయి. అదే పని రానివాడు ఒంటరిగా కూర్చుంటే రోజంతా కష్టపడినా ఇరవై కూడా కావన్నాడాయన. అంత కష్టపడి చేసినవాటిని జాగ్రత్తగా దాచుకోవాలి కదా! అలా వచ్చినవే సూదుల దిండ్లూ సూదుల పుస్తకాలూ కత్తెర తొడుగులూ.

టమాటా... పక్కన స్ట్రాబెర్రీ!

సూదుల దిండు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఎర్రటి టమాటా. దానికి దారంతో వేలాడే ఓ చిన్న స్ట్రాబెర్రీ. అది అందం కోసం పెట్టిందనుకుంటే పొరపాటే. స్ట్రాబెర్రీలో ఉండేది ఎమరీ పొడి. మొద్దుబారిన సూదిని అందులో నాలుగుసార్లు గుచ్చి తీస్తే తుప్పు పోయి మొన పదునెక్కుతుంది. టమాటాలో రంపపు పొట్టో ఉన్నో కూరేవారు. గొర్రె ఉన్నిలో సహజంగానే కాస్త జిడ్డుంటుంది. సూదికి తుప్పు పట్టకుండా అదే కాపాడుతుంది.

దూరప్రయాణాలకు వెళ్లేవాళ్లకి ఇంకో ఏర్పాటు ఉండేది. పొడవాటి గుడ్డకి జేబులు కుట్టి, అందులో సూదులూ దారాలూ గుండీలూ పెట్టి చాపలా చుట్టేసే సంచి. సైనికుల మూటలో ఇది తప్పనిసరి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరేంటో తెలుసా? 'హౌస్‌వైఫ్'! యుద్ధభూమిలో గుండీ ఊడితే కుట్టిపెట్టే ఇల్లాలు ఆ సంచే మరి.

పురిటింటికి సూదుల కానుక

పసిపాపను చూడ్డానికి వెళ్తూ గుండుసూదులు పట్టుకెళ్తామా? పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పట్టుకెళ్లేవారు. మనం వాడే పిన్నీసుకి అమెరికాకి చెందిన వాల్టర్ హంట్ పేటెంటు తీసుకున్నది 1849లో. అంతకుముందు పసివాళ్ల బట్టలకూ మామూలు గుండుసూదులే దిక్కు. అందుకే తెల్లటి శాటిన్ దిండుకి చుట్టూ లేసు కుట్టి, గుండుసూదుల తలలే చుక్కలుగా పూలూ అక్షరాలూ తీర్చేవారు. కొత్తగా వచ్చిన బుజ్జాయికి స్వాగతమని అందులో రాసి ఉండేది. అయితే పురుడు రాకముందే ఇస్తే నొప్పులు ఎక్కువవుతాయని ఓ నమ్మకం. అందుకని బిడ్డ పుట్టాకే ఇచ్చేవారు. నమ్మకాల విషయంలో వాళ్లూ మనలాంటివాళ్లే!

సగం గుండె తల్లి దగ్గర

అందరు బిడ్డలకీ అలాంటి స్వాగతం దొరకలేదు. లండన్లో థామస్ కోరమ్ అనే నావికుడు 1739లో ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే అనాథాశ్రమాన్ని స్థాపించాడు. పెంచే స్తోమత లేని తల్లులు పసిబిడ్డల్ని అక్కడ వదిలి వెళ్లేవారు. తర్వాతెప్పుడైనా వస్తే బిడ్డను గుర్తుపట్టేదెలా? అందుకే ఓ గుర్తు ఉంచేవారు. చాలామంది పేద తల్లుల విషయంలో ఆ గుర్తు ఓ గుడ్డముక్కే. రిబ్బనూ, పూల చీటీ, బిడ్డ చొక్కా అంచూ... ఇలాంటి ముక్కలు కొన్ని వేలు నేటికీ రిజిస్టర్లలో భద్రంగా ఉన్నాయి.

వాటిల్లో ఒకటి 1767 ఫిబ్రవరి 11 నాటిది. రంగురంగుల పేలికలు అతికి, దాని మీద ఎర్రదారంతో గుండె బొమ్మ కుట్టి, సరిగ్గా సగానికి కత్తిరించిన ముక్క. సగం బిడ్డతో, సగం తల్లితో. ఆమె పేరు సారా బెండర్, బిడ్డ పేరు చార్లెస్. ఎనిమిదేళ్ల తర్వాత, 1775లో, ఆమె తిరిగొచ్చింది. కొడుకుని తీసుకెళ్లింది. ఎంత అరుదైన విషయమో తెలియాలంటే ఓ లెక్క చూడాలి. 1741 నుంచి 1760 దాకా ఆ ఆశ్రమంలో చేరిన పిల్లలు 16,282 మంది. తల్లిదండ్రులు వెనక్కి తీసుకెళ్లింది 152 మందినే.

సారా ఎలా ఉండేదో మనకు తెలియదు. కానీ ఆమె చేతి కుట్టు మాత్రం ఉంది.

కలం లేదు... సూది ఉంది

ఇంగ్లండులో అప్పట్లో ఆడపిల్లలకి అక్షరాలు నేర్పేదే సూదితో. గుడ్డ మీద వరుసగా అక్షరమాలా అంకెలూ పూలూ కుట్టించేవారు. దాన్ని శాంప్లర్ అనేవారు. చివర్లో తన పేరూ వయసూ సంవత్సరమూ కుడితేనే అది పూర్తయినట్టు.

ససెక్సులో ఎలిజబెత్ పార్కర్ అనే అమ్మాయి కుట్టినది మాత్రం అన్నిటిలాంటిది కాదు. 1830 ప్రాంతంలో, పువ్వూ లేదు తీగా లేదు, తెల్లగుడ్డ నిండా ఎర్రదారంతో సన్నటి అక్షరాలే. తనకి రాయడం రాదంటూ మొదలుపెట్టి, ఇళ్లలో పనికి కుదిరినప్పుడు యజమాని పెట్టిన హింసనీ తన నిరాశనీ అంతా అందులోనే చెప్పుకుంది. వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది. కథ మాత్రం అక్కడ ఆగలేదు, తర్వాత ఆమె పంతులమ్మ అయింది. ఆ గుడ్డ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

మగవాళ్లూ కుట్టారు!

కుట్టుపని ఆడవాళ్లదే అనుకుంటే మొదటి ప్రపంచయుద్ధం నాటి సూదుల దిండ్లని చూడాలి. గుండె ఆకారంలో, నిండా పూసలతో, మధ్యలో తన దళం చిహ్నంతో అమ్మకో ప్రియురాలికో పంపేవారు. కొందరు సైనికులు వాటిని స్వయంగా కుట్టారు. గాయపడి మంచం పట్టినవాళ్లకి ఎంబ్రాయిడరీ ఓ చికిత్స. చేతులకి పని, మనసుకి నెమ్మది. లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్ కోసం అలాంటి సైనికులు 130 మందికి పైగా కలిసి ఓ పెద్ద వస్త్రాన్నే కుట్టారు. 1919 జులైలో జరిగిన కృతజ్ఞతా ప్రార్థనల్లో దాన్ని పరిచారు.

ఇక 1942. సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. చాంగీ జైల్లో ఆడవాళ్లనీ మగవాళ్లనీ వేర్వేరుగా పెట్టారు. భర్త బతికున్నాడో లేదో భార్యకి తెలియదు, భార్య సంగతి భర్తకీ తెలియదు. అప్పుడు ఎథెల్ మల్వానీ అనే కెనడా మహిళకి ఓ ఆలోచన వచ్చింది. తలా ఓ చదరం గుడ్డ మీద నచ్చింది కుట్టి, పేరు కూడా కుట్టమంది. ఆ చదరాల్ని 66 చొప్పున కలిపి మూడు దుప్పట్లు చేశారు. గాయపడిన బ్రిటిష్, ఆస్ట్రేలియా సైనికులకి చెరొకటి, జపాన్ సైనికులకి ఒకటి! కాపలావాళ్లకి అవి పూలబొమ్మల దుప్పట్లు. అవతలివైపు మగవాళ్లకి మాత్రం మావాళ్లు బతికే ఉన్నారన్న కబురు. ఆ పేర్లే లేకపోతే అవి ఉత్త దుప్పట్లే కదా!

మరి మన దగ్గర?

గోదావరి చివర నరసాపురం. పంతొమ్మిదో శతాబ్దం నడుమ మిషనరీల ద్వారా అక్కడికి క్రోషియా సూది చేరింది. కొక్కెంలాంటి ఆ ఒక్క సూదీ సన్నటి నూలుదారమూ చాలు, గుడ్డతో పనిలేకుండానే లేసు తయారవుతుంది. వంట పనికీ పొలం పనికీ మధ్య అరుగు మీద కూర్చుని ఒకరు పువ్వులల్లుతారు. ఇంకొకరు వాటిని కలుపుతారు. దాన్ని అతుకుపని అంటారు. అలా పుట్టిన బల్లగుడ్డలూ దిండు గలేబులూ సముద్రాలు దాటాయి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఈ అల్లికల మీద ఏకంగా పుస్తకమే వేశారు. గంటల తరబడి అల్లుతూ ప్రపంచ మార్కెట్‌కి సరుకు అందిస్తున్నా వాళ్లని కార్మికులుగా కాక, తీరిక వేళల్లో కాలక్షేపం చేసే గృహిణులుగానే లెక్కగట్టారన్నది ఆవిడ తేల్చిన విషయం.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. ఊరికి పేరొచ్చింది. కానీ ఎక్కడో విదేశంలో బల్లమీద పరిచిన ఆ లేసుని అల్లిన చేయి ఎవరిదో ఎవరికి తెలుసు?

అంతదూరం ఎందుకు... మనిళ్లలోనే చూడండి. ఒకప్పుడు టీవీ మీద కప్పిన క్రోషియా కవరు, గుమ్మానికి వేలాడిన పూసల తోరణం, దిండు మీద 'గుడ్ నైట్' అక్షరాలు, పెళ్లికి ముందు అత్త కుట్టి ఫ్రేము కట్టించిన జంట హంసలు. ఎవరు కుట్టారంటే 'అమ్మమ్మో, పెద్దమ్మో' అంటాం. ఇంకో తరం పోతే ఆ మాత్రం కూడా చెప్పేవాళ్లుండరు. ఇల్లు మారినప్పుడు పాతగుడ్డల మూటలోకి వెళ్లిపోతాయి. అమ్మమ్మ ఉత్తరాలు రాసి ఉండకపోవచ్చు, డైరీ అసలే లేదు. ఆమె స్వదస్తూరి అంటూ ఏదైనా ఉంటే అది ఆ కుట్టే.

అందుకే ఓ చిన్నపని. బీరువా సర్దేటప్పుడు అలాంటివి కనపడితే పెద్దవాళ్లని అడిగి, ఎవరు ఎప్పుడు కుట్టారో చిన్న నూలుగుడ్డ మీద రాసి వెనకవైపు రెండు కుట్లు వేయండి. గుచ్చి ఉన్న సూదులూ పిన్నులూ తీసేయండి, తుప్పు మరకలు పోవు. ప్లాస్టిక్ కవర్లో కాకుండా ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, ఎండ తగలనిచోట ఉంచండి.

మీరూ కుట్టొచ్చు: సూదుల పుస్తకం

కావలసినవి: 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పున్న నూలుగుడ్డలు రెండు (అమ్మ పాతచీర ముక్కయితే మరీ మంచిది), 16x8 సెంటీమీటర్ల ఉన్నిగుడ్డలు రెండు, 65 సెంటీమీటర్ల సన్నలేసు, రెండు రిబ్బను ముక్కలు, ఎంబ్రాయిడరీ దారాలు.

* పైగుడ్డని మధ్యకి మడిచి గుర్తుపెట్టుకోండి. విప్పితే కుడివైపు సగమే అట్ట. అక్కడ గొలుసుకుట్టుతో చిన్న పువ్వు, కాడకుట్టుతో తీగ వేయండి.

* లోపలి గుడ్డ మీద ఓ మూల మీ పేరూ సంవత్సరమూ కుట్టండి. జతచేశాక కుట్టడం కష్టం కాబట్టి ముందే కానివ్వండి.

* రెండు గుడ్డల మంచివైపులు లోపలికి వచ్చేలా పెట్టి, అంచుకి అర సెంటీమీటరు లోపలగా చుట్టూ కుట్టండి. ఒకచోట నాలుగు సెంటీమీటర్లు వదిలి, అందులోంచి తిరగేయండి. ఇస్త్రీ చేసి ఆ ఖాళీని మూసేయండి.

* అంచు వెంట లేసుని హెమ్మింగ్ చేయండి. మూలల దగ్గర కాస్త వదులుగా తిప్పితే ముడుచుకోదు.

* ఉన్నిగుడ్డల్ని లోపల మధ్యగా పరిచి, మడత గీత వెంట గట్టిగా కుట్టండి. అవే పేజీలు. రెండు అంచులకీ రిబ్బన్లు కుడితే ముడేసుకోవచ్చు.

పిల్లలతో కలిసి కూర్చుంటే ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. కుట్లు వంకరపోయినా విప్పకండి. కొన్నేళ్లయ్యాక ఆ వంకరే 'ఇది మా అమ్మ కుట్టింది' అని గుర్తుపట్టిస్తుంది. పేరు మాత్రం మరచిపోకండి!