సైజు సరిపోయింది కదా అని పాత డిస్క్ చెరిపేయకండి!

ఈ రోజు ఒక చిన్న పని గురించి మాట్లాడుకుందాం. కొత్త హార్డ్ డిస్క్ కొంటాం, ఫైల్స్ అన్నీ కాపీ చేస్తాం, పాతది ఫార్మాట్ కొట్టేస్తాం. అంతే కదా? నేనూ అంతే అనుకున్నాను.

మా తాతయ్య మాట్లాడుతుంటే ఫోన్లో రికార్డ్ చేసి పెట్టుకునేవాణ్ణి. ఊరి కబుర్లు, పొలం గొడవలు, నానమ్మతో పెళ్లి ఎలా కుదిరిందో అన్నీ. మొత్తం 43 రికార్డింగులు. ఆయన పోయాక లాప్‌టాప్ అమ్మేద్దామని, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన ఒక 1 టీబీ డిస్క్ కొని, ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపి 300 జీబీ దాకా ఎక్కించాను. తాతయ్య ఫోల్డర్ చివర్లో ఎక్కించాను. చూశాను: 43 ఫైల్స్ ఉన్నాయి, సైజూ సరిపోయింది. లాప్‌టాప్ ఫార్మాట్ చేసి అమ్మేశాను.

సంవత్సరీకం రోజున అందరం కూర్చుని, విందామని ప్లే నొక్కితే ఒక్కటీ ప్లే అవ్వలేదు. పేరుంది, సైజుంది, లోపల ఏమీ లేదు. ఎప్పుడో అత్తయ్యకి వాట్సాప్‌లో పంపినవి ఆరు మాత్రం ఆవిడ ఫోన్లో మిగిలాయి. పెళ్లి కథ ఆ ఆరింటిలో లేదు.

ఏం జరిగిందంటే, అది నకిలీ డిస్క్. లోపల ఉన్నది కొద్ది జీబీల మెమరీ. బయటికి మాత్రం 1 టీబీ అని చెబుతుంది. అసలు చోటు నిండిపోయాక కూడా "కాపీ అయింది" అంటూనే ఉంటుంది. ఫైల్ పేరు, సైజు డిస్క్‌లో వేరే పట్టికలో రాసి ఉంటాయి. ఆ పట్టిక బాగానే ఉంది కాబట్టి మనకి అన్నీ ఉన్నట్టే కనిపిస్తుంది. బస్తాలు లెక్కపెట్టుకుని, లోపల ధాన్యం ఉందో ఊక ఉందో చూడకుండా లారీ పంపించేసినట్టు అన్నమాట.

సరే, మంచి కంపెనీ డిస్క్ కొంటే చాలా? చాలదు. కేబుల్ లూజుగా ఉన్నా, కాపీ మధ్యలో పీకేసినా, డిస్క్‌లో పాడైన చోట్లు ఉన్నా, కంప్యూటర్ ర్యామ్‌లో లోపం ఉన్నా ఫైల్ దెబ్బతినొచ్చు. ఇంకోటి: డిస్క్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ, అంతకన్నా పెద్ద ఫైల్ దాంట్లో పట్టదు. అప్పుడు వచ్చే ఎర్రర్ చదవకుండా "స్కిప్" నొక్కేస్తాం. పెళ్లి వీడియో అక్కడే మిస్సవుతుంది.

మరి ఎలా చెక్ చేయాలి? వరసగా చెప్తాను.

ఒకటి. కట్ పేస్ట్ వద్దు, ఎప్పుడూ కాపీ పేస్టే. చెకింగ్ అయ్యేదాకా పాతది ముట్టుకోవద్దు.

రెండు. కాపీ అయ్యాక డిస్క్‌ని ఎజెక్ట్ చేసి, పీకి, మళ్లీ పెట్టండి. ఇది చాలామందికి తెలీదు. ఇప్పుడే కాపీ చేసిన ఫైల్ ఇంకా ర్యామ్‌లో ఉంటుంది. వెంటనే తెరిస్తే కంప్యూటర్ డిస్క్‌ని అడక్కుండా ర్యామ్‌లోంచే తీసి చూపించొచ్చు. మీకు అంతా బాగున్నట్టే అనిపిస్తుంది.

మూడు. రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైల్స్ సంఖ్య, మొత్తం సైజు బైట్లలో పోల్చండి. "సైజ్ ఆన్ డిస్క్" అనే రెండో అంకె తేడా వస్తే కంగారు పడకండి, అది డిస్క్ ఫార్మాట్‌ని బట్టి మారుతుంది. ఈ మెట్టు ఫైల్ ఏదైనా మిస్సయిందో లేదో చెబుతుంది. అంతవరకే. నేను ఇక్కడే ఆగిపోయాను.

నాలుగు, అసలైనది: హ్యాష్. ఇది ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. షా-256 అనే పద్ధతి ఫైల్ మొత్తాన్ని చదివి 64 అక్షరాల కోడ్ ఇస్తుంది. ఫైల్ 1 కేబీ అయినా 10 జీబీ అయినా కోడ్ 64 అక్షరాలే. లోపల ఒక్క బిట్ మారినా కోడ్ మొత్తం మారిపోతుంది. పాత ఫైల్ కోడ్, కొత్త ఫైల్ కోడ్ ఒకటే అయితే రెండూ ఒకటే అని నమ్మొచ్చు.

విండోస్‌లో సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, దాని మెనూలో షా-256 ఎంచుకుంటే ఫోల్డర్ మొత్తానికి కోడ్ ఇస్తుంది. పాత డిస్క్‌లో ఒకసారి, కొత్త డిస్క్‌లో ఒకసారి చేసి పోల్చండి. తేడా వస్తే ఏ ఫైల్‌లో వచ్చిందో పట్టుకోవడానికి ఫ్రీఫైల్‌సింక్ ఉంది. అందులో పోలిక "ఫైల్ కంటెంట్" మీద పెట్టండి. మ్యాక్, లినక్స్ వాళ్లకి టెర్మినల్‌లోనే హ్యాష్ కమాండ్ ఉంటుంది.

టైమ్ పడుతుందా? పడుతుంది. సెకనుకి 100 ఎంబీ చదివే డిస్క్ అయితే 300 జీబీకి దాదాపు 50 నిమిషాలు. ఒక సినిమా ఇంటర్వెల్ దాకా చూసినంత.

కంప్యూటర్ లేదు, ఫోన్ నుంచి ఓటీజీతో నేరుగా ఎక్కించారా? హ్యాష్ చూపించే యాప్స్ ఫోన్లకీ ఉన్నాయి. కనీసం ముఖ్యమైన ఫైల్స్‌కైనా చేయండి. అదీ కుదరకపోతే చివర్లో కాపీ అయినవి, పెద్ద వీడియోలు తెరిచి, మధ్యకీ చివరికీ జరిపి చూడండి. ఇది పూర్తి గ్యారంటీ కాదు, ఏమీ చూడకపోవడం కన్నా నయం.

కొత్త డిస్క్ మీద అనుమానం ఉంటే, ఖాళీగా ఉన్నప్పుడే పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే టూల్స్ డిస్క్ నిండా డేటా రాసి, మళ్లీ చదివి, అసలు ఎంత చోటుందో చెప్పేస్తాయి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. హ్యాష్ కలిసిందంటే కాపీ, ఒరిజినల్ ఒకేలా ఉన్నాయని మాత్రమే అర్థం. ఒరిజినలే పాడై ఉంటే పాడైనదే కాపీ అవుతుంది. పైగా ఎంత మంచి డిస్క్ అయినా ఒకరోజు పోతుంది. అందుకే విలువైనవి రెండు చోట్ల ఉంచుకోండి.

ఇప్పుడు ఆ ఆరు రికార్డింగులు మూడు చోట్ల ఉన్నాయి. మూడింటి హ్యాష్ ఒకటే. మీ ఇంట్లో పెద్దవాళ్ల గొంతు మీ ఫోన్లో ఉంటే, ఈ వారమే ఒక గంట దీనికి కేటాయించండి.