పన్ను నొచ్చేదాకా ఆగడం ఎందుకు?

పెద్దవాళ్లు దంతవైద్యుని దగ్గరికి వెళ్లడానికి ఎక్కువసార్లు కారణమయ్యేది నొప్పే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రొనాల్డ్ ఆండర్సన్ 1968లో రూపొందించిన నమూనా ప్రకారం మనిషి వైద్యాన్ని ఆశ్రయించడం మూడింటి మీద ఆధారపడుతుంది: వయసు, చదువు, నమ్మకాల వంటి ముందునుంచీ ఉన్న లక్షణాలు, డబ్బు, దూరం, తీరిక వంటి వీలు కల్పించే వనరులు, తనకు జబ్బు ఉందని అతడు గుర్తించే అవసరం. మహబూబ్‌నగర్ జిల్లాలోని జడ్చర్ల ప్రాంతంలో ఈ మూడూ అడ్డుగానే నిలుస్తాయి.

అవసరాన్ని గుర్తించడంలోనే అసలు చిక్కు ఉంది. పంటి పైపొర అయిన ఎనామిల్‌లో నరాలు ఉండవు కాబట్టి, పుచ్చు అక్కడ ఉన్నంతకాలం మనిషికి ఏమీ తెలియదు. అది లోపలి డెంటిన్ పొరను దాటి, నరాలూ రక్తనాళాలూ ఉండే పంటి గుజ్జును చేరాకే రాత్రంతా నిద్రపోనివ్వని పోటు మొదలవుతుంది. అప్పుడు చాలామంది లవంగం నొక్కిపెట్టి, ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు మింగి ఊరుకుంటారు. కొన్నాళ్లకు గుజ్జు చచ్చిపోయి పోటు ఆగితే, జబ్బే నయమైందని భావిస్తారు. కానీ క్రిములు వేరు కొనదాకా పాకి, చీముగడ్డగా మారి దవడ వాచేవరకు ఆ పొరపాటు బయటపడదు. తొలిదశలో ఒక్కసారి కూర్చుంటే సిమెంటుతో పూడిపోయే పుచ్చుకు ఆ తరువాత రూట్ కెనాల్, అంటే చెడిన గుజ్జును తీసి వేరు లోపలి కాలువలను శుభ్రపరచి మూసే చికిత్స, కావలసివస్తుంది, లేదా పన్నే పీకించుకోవలసివస్తుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ గుర్తింపును మరింత మసకబార్చేది ఫ్లోరైడ్. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే, ఎనామిల్ తయారయ్యే బాల్యంలో పళ్లపై తెల్లని, గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. తెలంగాణ ప్రభుత్వ తాగునీటి పథకమైన మిషన్ భగీరథ నీరు కొత్త తరానికి రక్షణ కాగలదేగాని, పెద్దల పళ్లపై ఏర్పడిన మచ్చలను తొలగించలేదు. రంగుమారిన పన్ను ఊరంతటికీ మామూలైన చోట పుచ్చు మచ్చ కూడా నీటి ఖాతాలోకే పోవడం సహజం.

భయమూ అపోహలూ వీటికి తోడవుతాయి. పైపన్ను పీకితే చూపు పోతుందన్న నమ్మకం ఇప్పటికీ బలంగానే ఉంది. చూపును మోసే నరమూ పంటి నరమూ పూర్తిగా వేరు కనుక దానికి ఆధారం లేదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయన్నది కూడా అటువంటిదే: గార వల్ల చిగురు అప్పటికే వదులై ఉంటుంది, గార తీశాక ఆ వదులు తెలుస్తుంది.

అయితే తప్పంతా తెలియనితనం మీద వేయడం అన్యాయం. జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీకి రూట్ కెనాల్ కోసం మూడు పూటలు కేటాయించడమంటే మూడు పూటల కూలి వదులుకోవడమే. వలసపోయే కూలీకి మొదలుపెట్టిన చికిత్స ముగించే వీలే చిక్కదు. మహబూబ్‌నగర్‌లో దంతవైద్య కళాశాల ఉన్నా, పని మానుకుని అంతదూరం వెళ్లేది నొప్పి భరించలేనప్పుడే.

అందువల్ల పట్టణంలోని దంతవైద్యులు సాయంత్రం వేళల్లో కూలీలకు సమయం కేటాయించడం, ప్రభుత్వ ఆసుపత్రికి షుగరు పరీక్షకు వచ్చేవారి చిగుళ్లను అక్కడే చూడడం అవసరం. మధుమేహం చిగుళ్ల జబ్బును పెంచుతుంది, చిగుళ్ల జబ్బు షుగరును అదుపు తప్పిస్తుంది. పాఠకులు కూడా నొప్పి లేని రోజునే ఒకసారి పళ్లు చూపించుకోవాలి. పొగాకు నమిలేవారు, నోటిలో రెండు వారాలు దాటినా మానని పుండు ఉన్నవారు ఇక ఆలస్యం చేయకూడదు.