చిక్కదనం తెచ్చిన చిక్కు

చూడటానికి పెన్ను క్యాప్‌లా ఉంటుంది. గాజు గొట్టం, లోపల తేనెరంగు నూనె, పైన నోట పెట్టుకుని పీల్చడానికి చిన్న మూతి. కింద బ్యాటరీకి బిగిస్తే చాలు... అగ్గిపుల్లతో పనిలేదు. బూడిద రాలదు. పక్కింటికి వాసన పోదు. గంజాయి అమ్మకాన్ని అనుమతించిన అమెరికా రాష్ట్రాల్లో దుకాణాల అద్దాల వెనక వరసగా పేర్చి కనిపించే వేప్ కార్ట్రిడ్జ్ ఇదే. దాన్ని వాడేవాళ్లు తరచూ చేసే ఫిర్యాదు ఒకటుంది- 'మూసుకుపోయింది' అని. ఎంత పీల్చినా ఆవిరి రాదు. వినడానికి ఇది చిల్లర సమస్యే. కానీ ఆ గొట్టాన్ని మూసేసే చిక్కదనమే, 2019లో పదుల మంది ప్రాణాలు తీసిన విషాదానికీ దారి వేసింది.

గొట్టంలో ఏముంది?

ఎలక్ట్రానిక్ సిగరెట్‌కి 2003లో ప్రాణం పోసింది చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు. పొగాకును కాల్చకుండా నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చడం దాని కిటుకు. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు 2012లో పెద్దల వాడకానికి గంజాయిని అనుమతించారు. ఆ తరువాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. దాంతో నికోటిన్ కోసం పుట్టిన కిటుకు గంజాయి నూనెకీ పెద్ద మార్కెట్‌ను తెచ్చిపెట్టింది.

మొక్కలోని జిగురు పదార్థాన్ని వేరుచేసి, శుద్ధిచేసి, మత్తు కలిగించే టీహెచ్‌సీ మోతాదు బాగా పెరిగేలా తయారుచేస్తారు ఈ నూనెను. అరగ్రాము, గ్రాము చొప్పున గొట్టాల్లో నింపుతారు. గొట్టం అడుగున సన్న రంధ్రాలున్న పింగాణీ ముక్క, అందులో ఓ లోహపు తీగ ఉంటాయి. దీపపు వత్తి ఆముదాన్ని పీల్చుకున్నట్టు పింగాణీ నూనెను పీల్చుకుంటుంది. బ్యాటరీ తీగను వేడెక్కిస్తే నూనె ఆవిరై, మధ్యలోని సన్నటి దారి గుండా పైకొస్తుంది. అంతే యంత్రం!

నెయ్యి గిన్నె సూత్రం

మరి మూసుకుపోవడం ఎందుకు? నికోటిన్ ద్రవం పలచగా పారుతుంది. గంజాయి నూనె అలా కాదు, పాకంలా సాగుతుంది. చలికాలంలో వంటింటి గట్టుమీది నెయ్యి గిన్నెను గుర్తు తెచ్చుకుంటే సరి. చల్లబడేకొద్దీ ఇదీ అలాగే బిగుసుకుంటుంది. పైగా వేడి ఆవిరి పైకి వెళ్తూ దారిలో కొంత చల్లారి, గోడలకు బొట్లుగా అంటుకుంటుంది. నాలుగు రోజులకి ఆ బొట్లే పొరలు కట్టి దారి మూసేస్తాయి. రావట్లేదని బలంగా పీల్చేకొద్దీ అడుగునున్న నూనె కూడా దారిలోకి ఎగబాకుతుంది. చిక్కు ఇంకాస్త బిగుసుకుంటుంది.

స్టవ్వు పిన్ను వైద్యం

అక్కడి వాడకందారులు చేసే మరమ్మతులు మన పాతతరానికి కొత్తేమీ కాదు. పంపు స్టవ్వు బర్నర్ మూసుకుపోతే పిన్ను వేసినట్టే, బ్యాటరీ విప్పేసి మూతిలోంచి సన్నటి సూదితో పేరుకున్న నూనెను తీస్తారు. అంతకన్నా ముందు చేసేది, గొట్టాన్ని అరచేతుల మధ్య కొన్ని నిమిషాలు వెచ్చగా పట్టుకోవడం. కొన్ని బ్యాటరీలకు తక్కువ వేడితో నూనెను కరిగించే మీట ఉంటుంది. బ్యాటరీ తగిలే చోట జిడ్డు చేరితే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన దూదిపుల్లతో తుడిచి ఆరనిస్తారు. వాడనప్పుడు నిలువుగా నిలబెట్టడం, ఎండలో ఉన్న కారులో వదలకపోవడం, బ్యాటరీని గరిష్ఠ వేడిలో పెట్టకపోవడం... నిర్వహణ అంటే ఇంతే.

చేయకూడనివి కూడా ఉన్నాయి. లైటర్ మంట చూపితే గాజు పగలొచ్చు, నూనె మాడి హానికర రసాయనాలు పుట్టొచ్చు. మైక్రోవేవ్‌లో పెడితే లోపలి లోహం నిప్పురవ్వలు రాలుస్తుంది. పలచబడుతుందని వంటనూనో, స్పిరిటో, మరో ద్రవమో కలపడం అన్నిటికన్నా ప్రమాదం. కడుపులోకి వెళ్లేది వేరు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది వేరు. మాడు వాసన వచ్చినా, రుచి మారినా, పింగాణీ నల్లబడినా బాగుచేయడం మానేసి పారేయాల్సిందే. పాతబడిన గొట్టాల్లోని నూనెలోకి సీసం, నికెల్ లాంటి లోహాలు చేరే ప్రమాదమూ ఉంది.

కొంప ముంచిన బుడగ

ఇక అసలు కథ. దుకాణం సరుకు ఖరీదు. పన్నులు అదనం. దాంతో దొంగచాటు మార్కెట్ పెరిగింది. ఖాళీ గొట్టాలు, రంగురంగుల పెట్టెలు విడిగా దొరుకుతాయి, నూనె నింపితే 'బ్రాండెడ్' సరుకు తయార్! కొనేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? గొట్టాన్ని తలకిందులు చేసి లోపలి గాలిబుడగను చూసేవారు. బుడగ మెల్లగా కదిలితే నూనె చిక్కన, అంటే అసలు సరుకు. గబుక్కున పైకొస్తే కల్తీ. పాలలో నీళ్లు కలిసిందీ లేనిదీ వేలు ముంచి చూసినట్టన్నమాట.

కల్తీదారులు ఆ పరీక్షకే విరుగుడు కనిపెట్టారు. విటమిన్-ఇ అసిటేట్! చర్మానికి రాసే క్రీముల్లో, మింగే మాత్రల్లో వాడే పదార్థమే. చవక, రంగు దగ్గరగా ఉంటుంది, వాసన లేదు. పైగా చిక్కన. నూనెలో ఎంత కలిపినా బుడగ మెల్లగానే కదులుతుంది. పరీక్ష పాసైంది. ఊపిరితిత్తులు ఫెయిలయ్యాయి.

2019 వేసవిలో ఇల్లినాయిస్, విస్కాన్సిన్ ఆసుపత్రులకు ఆరోగ్యంగా ఉండాల్సిన కుర్రాళ్లు ఆయాసంతో రాసాగారు. దగ్గు, ఛాతీనొప్పి, జ్వరం, వాంతులు. చూస్తే న్యుమోనియాలా ఉంది, కానీ ఏ సూక్ష్మజీవీ దొరకదు. 2020 ఫిబ్రవరి 18 నాటికి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ లెక్కలో 2,807 కేసులు, 68 మరణాలు. బాధితుల్లో సగం మంది వయసు 24 లోపే. నూటికి 15 మందికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. 51 మంది రోగుల ఊపిరితిత్తుల్లోంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో విటమిన్-ఇ అసిటేట్ కనిపించింది. ఆరోగ్యవంతులైన 99 మందిలో ఒక్కరిలోనూ లేదు. బాధితుల్లో ఎక్కువమంది టీహెచ్‌సీ గొట్టాలను స్నేహితుల దగ్గరో, వీధి వ్యాపారుల దగ్గరో తీసుకున్నవారే. ఆ తరువాత కొలరాడో లాంటి రాష్ట్రాలు ఆ పదార్థాన్ని వేప్ నూనెల్లో కలపడాన్ని నిషేధించాయి. చాటుమాటు సరుకును పరీక్షించే నాథుడు మాత్రం ఇప్పటికీ లేడు.

మనవాళ్లూ... జాగ్రత్త!

మన దేశంలో ఈ గొట్టానికి రెండు చట్టాలు అడ్డు. ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను 2019 నాటి చట్టం నిషేధించింది. తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇక 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయితోపాటు హషీష్ ఆయిల్‌ను పేరుపెట్టి మరీ నిషేధిస్తోంది. అమెరికా నుంచి సెలవులకొస్తూ 'అక్కడ తప్పు కాదుగా' అని సూట్‌కేసులో వేసుకొస్తే విమానాశ్రయంలోనే కథ మొదలవుతుంది.

అక్కడ చదువుకునే మన పిల్లలకు మరో మెలిక ఉంది. రాష్ట్రం ఒప్పుకున్నా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం గంజాయి వాడకం నేరమే. వీసా వ్యవహారాలు చూసేది ఫెడరల్ ప్రభుత్వం. అరెస్టు కాకపోయినా, వాడానని అధికారి ముందు ఒప్పుకుంటే చాలు- వీసాకీ, గ్రీన్‌కార్డుకీ ఎసరు పెట్టే అవకాశం ఉంది.

పొగ వాసన పట్టే కాలం పోయింది. పెన్‌డ్రైవ్ అనుకున్నది అదే కావచ్చు, బ్యాగులో దొరికిన గాజు గొట్టం అత్తరు సీసా కాకపోవచ్చు. కనిపించగానే కేకలు వేస్తే పిల్లలు దాచడం నేర్చుకుంటారు. ఎక్కడ దొరికింది, ఎన్నాళ్లుగా, దగ్గు ఆయాసం ఏమైనా ఉన్నాయా... అని కూర్చోబెట్టి అడగడం మేలు. ఆయాసం ఉంటే డాక్టరుకు ఈ సంగతి దాచకుండా చెప్పాలి. 2019లో చాలామందికి అసలు జబ్బేమిటో తేలడం ఆలస్యమైంది, వాడుతున్నదేమిటో నోరు విప్పక కూడా. మూసుకుపోయిన గొట్టాన్ని పిన్ను పెట్టి తెరవొచ్చు. ఊపిరితిత్తులకు అలాంటి పిన్ను లేదు.