గుజరీ బజారులో పాతకాలపు మోటారు కారు

మానవుడు నిర్మించిన ప్రతి వస్తువుకూ మూడు దశలుంటాయి. కొత్తగా ఉన్ననాడు అది గౌరవం పొందుతుంది. పాతబడిన పిమ్మట నిరాదరణకు గురి అవుతుంది. ఆ నిరాదరణను తట్టుకొని నిలువగలిగితే మరల ఒకనాడు ఆదరణ పొందుతుంది. ఈ మూడింటిలో నడిమి దశ మిక్కిలి ప్రమాదకరమైనది. ఆ వస్తువు చరిత్రలో నిలుస్తుందో, కొలిమిలో కరిగిపోతుందో తేలేది ఆ దశలోనే. మోటారు కారు విషయంలో ఈ తీర్పు జరిగే చోటు తరచుగా పాత సామాను బజారు. అట్టి బజారులో పాతకాలపు కారు ఏ రూపంలో లభిస్తుంది, దానిని ఎట్లు పరీక్షించాలి, కొనువారికీ అమ్మువారికీ చట్టమూ ధర్మమూ ఏమి విధిస్తున్నాయి అనే విషయాలను విద్యార్థులకు తెలియజేయుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఏది పాతది? ఏది పాతకాలపుది?

పాతదైన ప్రతి కారూ ‘వింటేజ్’ కారు కాదు. ఇంగ్లండులోని వాడుక ప్రకారం 1918 వరకు తయారైన కార్లను ‘వెటరన్’, ‘ఎడ్వర్డియన్’ అనే పేర్లతోను, 1919 మొదలు 1930 వరకు తయారైన వాటిని ‘వింటేజ్’ అనే పేరుతోను వ్యవహరిస్తారు. ఆ తరువాతి కాలపు మేలైన కార్లను స్థూలంగా ‘క్లాసిక్’ అంటారు.

మన దేశంలో చట్టం వేరొక కొలతను స్వీకరించింది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు జరిగిన సవరణ ప్రకారం, 50 సంవత్సరాలు దాటిన ద్విచక్ర వాహనాలు, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలుగా గుర్తింపు పొందవచ్చును. అయితే వయస్సు ఒక్కటే చాలదు. వాహనం తన అసలు రూపంలో ఉండాలి. చాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని ముఖ్యమైన మార్పు జరిగి ఉండరాదు. ఈ లెక్కన 1970లో తయారైన అంబాసిడరు కారు కూడా, మార్పులు లేకుండా మిగిలి ఉన్నట్లయితే, ఈ గౌరవానికి అర్హమే. రాజుల రోల్స్-రాయిస్‌లకు మాత్రమే పరిమితమని భావించే ఈ విషయం ఇప్పుడు సామాన్యుని ఇంటి పెరటివరకు వచ్చిందని గ్రహించాలి.

విదేశాలలోని సంతలు

పాత వస్తువుల సంతలకు ప్రపంచంలో ప్రసిద్ధమైన పేరు ఫ్రాన్సు నుండి వచ్చింది. పారిస్ నగరపు అంచున ఉన్న సాంత్-ఊఆఁ ప్రాంతంలో పాత బట్టలు, పరుపులు, ఇనుప సామాను అమ్మే బజారు వెలసింది. ఆ పాత బట్టలలో ఉండే గెంతే పురుగుల పేరునే జనులు పరిహాసంగా ఆ బజారుకు పెట్టినారు. ఆ పరిహాసమే కాలక్రమంలో ఇటువంటి బజారులన్నింటికీ స్థిరమైన పేరయింది.

పాత మోటారు కార్ల కొరకే ప్రత్యేకంగా ఏర్పడిన సంతలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో చాకొలెట్ పరిశ్రమకు పేరొందిన హెర్షీ పట్టణంలో జరుగుతుంది. 1935లో స్థాపితమైన పురాతన మోటారు కార్ల క్లబ్బు 1955 నుండి అక్కడ శరత్కాలంలో తన సమావేశాన్ని నిర్వహిస్తూ వచ్చింది. సమావేశంతో పాటు పెరిగిన సంతలో వేల సంఖ్యలో అంగడి స్థలాలుంటాయి. ఒక వైపున లాంతర్లు, కార్బురేటర్లు, చక్రాలు, పాత కరపత్రాలు అమ్ముతారు. మరొక వైపున పూర్తి కార్లను ధర రాసి వరుసగా నిలుపుతారు. రెండవది ఇంగ్లండులోని బ్యూలీ గ్రామంలో 1967లో ప్రారంభమైంది. అక్కడ మోటారు మ్యూజియాన్ని స్థాపించిన లార్డ్ మాంటెగూ ఈ సంతకు ‘ఆటోజంబుల్’ అని కొత్త పేరు కల్పించినాడు.

ఈ సంతలు ఇంతగా వృద్ధి చెందడానికి ఒక బలమైన కారణమున్నది. ఫోర్డు కంపెనీ ‘మోడల్ టి’ అనే ఒక్క రకం కారునే 1908 మొదలు 1927 వరకు కోటి యాభై లక్షలకు పైగా తయారు చేసింది. ఒక కారు భాగం మరొక కారుకు సరిపోయేటట్లు నిర్మించుట ఆ పద్ధతిలోని విశేషం. అందువలన ఒక కారు నశించినా దాని భాగాలు వేరొక కారుకు ప్రాణం పోయగలవు. సంత అక్కడ ఒక విధమైన రక్తనిధి వంటిది.

మన బజారుల తీరు

మన దేశంలో పరిస్థితి భిన్నమైనది. స్వాతంత్ర్యానికి పూర్వం మన రోడ్లపై తిరిగిన కార్లలో అధికభాగం విదేశాల నుండి పూర్తిగా వచ్చినవో, విడిభాగాలుగా వచ్చి బొంబాయి వంటి రేవు పట్టణాలలో కూర్చబడినవో అయి ఉండేవి. ఒక్కొక్క రకం కార్లు కొద్ది సంఖ్యలోనే ఉండేవి. కనుక ఇక్కడ ఒక భాగం పోయినదంటే దానికి మారు దొరుకుట దుర్లభం.

బొంబాయిలోని చోర్ బజార్, అందులోను మటన్ స్ట్రీట్, పాత వస్తువులకు పేరొందినవి. ఆ పరిసరాలలో మోటారు విడిభాగాల వ్యాపారం కూడా విస్తారంగా సాగుతుంది. మన హైదరాబాదులో పురానాపూల్ సమీపాన గురువారం నాడు జరిగే జుమేరాత్ బజార్ తన పేరునే వారం పేరు నుండి తీసుకొన్నది. ఇట్టి బజారులలో పూర్తి కారు కంటబడుట చాలా అరుదు. దొరికేది ఒక ఇత్తడి హారను, ఒక దీపపు గిన్నె, ఒక గడియారం, రేడియేటరు మూతపై నిలిచే ఒక చిన్న ప్రతిమ. వీటిని చూచి మనం ఆనందిస్తాము. కాని వీటి వెనుక ఎక్కడో ఒక కారు ముక్కలయినదని మరువరాదు.

ఈ విచ్ఛేదనకు కారణం ధనమే. నడవని కారు మొత్తాన్ని కొని, స్థలమిచ్చి, బాగు చేయించగలవారు కొద్దిమంది. దీపాన్నిగాని ప్రతిమనుగాని గది అలంకరణకు కొనువారు అనేకులు. కనుక కారును కారుగా అమ్ముట కంటె ముక్కలుగా అమ్ముట కబాడీ వ్యాపారికి లాభం. ప్రతిమ ఒక ఇంటి అద్దాల బీరువాలోకి, దీపం ఒక హోటలు గోడపైకి, మిగిలిన ఉక్కు కొలిమిలోకి పోతాయి. ఆ తరువాత ఎంత ధనం వెచ్చించినా ఆ కారును తిరిగి కూర్చుట అసాధ్యం.

మూడు సాక్ష్యాలు

పూర్తి కారు లభించినప్పుడు కొనువాడు ముగ్గురు సాక్షులను విచారించాలి. మొదటి సాక్షి సంఖ్య. చాసిస్‌పైన, ఇంజనుపైన చెక్కిన సంఖ్యలు రిజిస్ట్రేషను పత్రంలోని సంఖ్యలతో సరిపోవాలి. సంఖ్య చుట్టూ ఆకురాయి గీతలుగాని, కొత్త అతుకుగాని కనిపించినట్లయితే అనుమానించాలి. ఒక అసలైన సంఖ్యా ఫలకాన్ని సంపాదించి, దాని చుట్టూ కొత్త రేకుతో ‘పాత’ కారును నిర్మించే మోసం ప్రపంచమంతటా ఉన్నది. రోల్స్-రాయిస్ వంటి కంపెనీలు పూర్వకాలంలో చాసిస్‌ను మాత్రమే అమ్మేవి. దానిపై బాడీని బార్కర్, హూపర్ వంటి వేరే సంస్థలు నిర్మించేవి. అట్టి కార్లలో బాడీ కట్టిన సంస్థ పలకను కూడా పరిశీలించుట అవసరం.

రెండవ సాక్షి లోహం. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని కారు రేకుపై మెల్లగా నడిపించాలి. రేకు ఉక్కుదైన చోట అది అంటుకొంటుంది. తుప్పు తిన్న రంధ్రాన్ని లప్పంతో మందంగా పూడ్చి రంగు వేసిన చోట అంటుకొనదు. అయితే కొన్ని మేలైన కార్ల బాడీలు అల్యూమినియంతో చేయబడినవి. అక్కడ ఈ పరీక్ష పనికిరాదు. తలుపుల లోపలి కర్ర చట్రాన్ని చెదలు తిన్నదేమో చూడాలి. క్రోమియం పూత కార్లపైకి 1920ల చివరి భాగంలో వచ్చింది. అంతకు పూర్వం వాడినవి నికెలు, ఇత్తడి. 1922 నాటి కారుపై నీలపు ఛాయతో తళతళలాడే క్రోమియం కనబడినట్లయితే ఆ పూత తరువాత వేసినదని తెలుసుకొనవచ్చును. నూనె చూచే కడ్డీపై తెల్లని నురుగు ఉన్నట్లయితే ఇంజనులో నీరు చేరిందని అనుమానించాలి. హ్యాండిలుతో త్రిప్పినప్పుడు ఇంజను కదులుతున్నదా, బిగిసిపోయినదా అన్నది ఖర్చును నిర్ణయించే విషయం.

మూడవ సాక్షి కాగితం. రిజిస్ట్రేషను పుస్తకం, పన్ను రసీదులు, పాత యజమానుల ఉత్తరాలు, ఒక వివాహ ఊరేగింపులో తీసిన ఛాయాచిత్రం కూడా కారు జీవితానికి నిదర్శనాలే. బజారులో కారును కొనేవారు ఈ కాగితాలను చిత్తుగా భావించి విడిచిపెట్టుట కద్దు. నిజానికి కాగితం లేని కారు ఇంటి పేరు లేని అనాథ వంటిది.

చట్టం ఏమంటుంది?

1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, అమ్మువానికి లేని హక్కు కొనువానికి సంక్రమించదు. ఇది సాధారణ సూత్రం. కనుక దొంగ సొత్తును మంచి మనస్సుతో, పూర్తి ధర చెల్లించి కొన్నప్పటికీ అసలు యజమాని దానిని తిరిగి కోరవచ్చును. బజారులో చౌకగా దొరికిందని సంతోషించుటకు ముందు ఈ సూత్రాన్ని స్మరించుట మంచిది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, అమ్మినవాడు అదే రాష్ట్రంలోనైతే 14 రోజులలోగా, కొన్నవాడు 30 రోజులలోగా రవాణా అధికారులకు యాజమాన్య మార్పును తెలియజేయాలి. 2021 నియమాల క్రింద వింటేజ్ వాహనంగా కొత్తగా నమోదు చేయించుటకు రుసుము 20,000 రూపాయలు. ఆ నమోదు 10 సంవత్సరాలు చెల్లుతుంది. అట్టి వాహనాల సంఖ్యలో ‘వి ఏ’ అనే అక్షరాలుంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుటకు, మరమ్మతుకు వీటిని రోడ్డుపైకి తేవచ్చును. నిత్యం ప్రయాణానికి, వ్యాపారానికి వాడరాదు.

చట్టానికి మించిన ధర్మం

ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదాన్ని గమనించాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దృష్టిలో అమ్మువాడు అబద్ధమాడుట మోసమే. కాని కేవలం మౌనంగా ఉండుట సాధారణంగా మోసం కాదు. పరీక్షించుకొనే భారం కొనువానిదే. ఇస్లామీయ న్యాయశాస్త్రంలోని వ్యాపార నీతి ఇంతకంటె కఠినమైనది. అమ్మువాడు తనకు తెలిసిన లోపాన్ని దాచరాదు. అమ్మకానికి పూర్వమే ఉండి, కంటబడని లోపం తరువాత బయటపడితే వస్తువును తిరిగి ఇచ్చే హక్కు కొనువానికి ఉంటుంది. దానినే ‘ఖియారుల్ ఐబ్’ అంటారు. లప్పం క్రింద తుప్పు ఉన్నదని తెలిసి మాటాడని అమ్మకందారును చట్టం విడిచిపెట్టవచ్చునేమో గాని, ధర్మం విడిచిపెట్టదు. వాణిజ్య శాస్త్రం చదివే విద్యార్థులు ఈ రెండు దృక్పథాలను పోల్చి చూచుట ఉపయుక్తం.

మిస్త్రీ అనే గ్రంథాలయం

పైన చెప్పిన సాక్ష్యాలన్నింటినీ చదువగలిగినవాడు ఒక్కడున్నాడు. అతడు పాత మిస్త్రీ. బ్రిటిషు కారుకు విట్‌వర్త్ కొలత మర, అమెరికా కారుకు వేరొక కొలత మర అని అతడు స్పానా పట్టుకొని చెప్పగలడు. దొరకని భాగాన్ని ఖరాదుపై కడయగలడు. సుత్తితో రేకును వంచి తలుపును మలచగలడు. ఈ విద్య తండ్రి నుండి కుమారునికి, ఉస్తాద్ నుండి శిష్యునికి చేతి ద్వారానే వచ్చింది, పుస్తకానికి ఎక్కలేదు. నేటి కార్లలో లోపాన్ని కంప్యూటరు చెబుతుంది. చెడిన భాగాన్ని తీసివేసి కొత్తది బిగిస్తారు. అందువలన ఆ కుమారుడు, ఆ శిష్యుడు ఈ విద్యను నేర్చుకొనే అవసరం తగ్గిపోతున్నది. కారు తుప్పు పడితే గీకి రంగు వేయవచ్చును. మిస్త్రీతో పోయిన విద్యను ఏ సంతలోనూ కొనలేము.

చౌమహల్లా రాజభవనంలో నిజాం కాలపు రోల్స్-రాయిస్ కారును నేడు మనం చూడగలుగుతున్నామంటే, దానిని ఎవరో ముక్కలు కానీయక కాపాడినందువల్లనే. సామాన్యుల అంబాసిడర్లకు, ఫియట్లకు రాజభవనాలు లేవు. వాటికి మిగిలిన ఆశ్రయం మన వివేకమే. విద్యార్థులందరూ పాత కార్లను కొనలేరు, కొననవసరమూ లేదు. కాని ఇంటిలోనున్న పాత వాహనపు కాగితాలను భద్రపరచవచ్చును. తమ పేటలోని వృద్ధ మిస్త్రీ వద్ద కూర్చుండి, అతనికి తెలిసినదానిని ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసి పెట్టవచ్చును. అట్టి వ్రాతలకు ఈ కళాశాల పత్రికలో ఏటేటా కొన్ని పుటలు కేటాయించినట్లయితే, బజారులో అమ్ముడు కాని ఒక సంపదను మనం నిలుపుకొన్నవారమవుతాము.