పగడాల తొట్టిలో మెగ్నీషియము

బోరుబావి నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన యిండ్లలో నిత్యము చూచునదే. నీటిలో కరిగియున్న సున్నము వేడికి విడివడి రాయిగా మారుటచే అది యేర్పడును. వెచ్చని సముద్రముల పైపొరలలోని నీరు తాను సహజముగా నిలుపుకొనదగిన దానికంటె అధికముగ సున్నపురాతి ద్రవ్యమును ధరించియున్నది. అయినను ఆ నీటి నుండి పెచ్చు దానంతట అది రాలుట లేదు. ఇందుకుగల ముఖ్యకారణములలో ఒకటి మెగ్నీషియము.

కిలోగ్రామునకు 35 గ్రాముల లవణముగల సముద్రజలమున మెగ్నీషియము సుమారు 1280 మిల్లీగ్రాములు, కాల్షియము సుమారు 410 మిల్లీగ్రాములు ఉండును. లీటరనినను కిలోగ్రామనినను ఇంటి లెక్కకు పెద్ద భేదము లేదు. సున్నపురాతి స్ఫటికము పెరుగుట, మేస్త్రి గోడ కట్టుట వంటిది. ఒకే కొలత యిటుకలు వరుసగా అందినంతకాలము గోడ సాగును. నడుమ వేరు కొలత యిటుక వచ్చి కూర్చున్నచో ఆ వరుస చెడును. మెగ్నీషియము కాల్షియము కంటె చిన్నది. తన చుట్టు నీటిని గట్టిగా పట్టుకొని యుండునది. అది స్ఫటికపు ముఖముపై చేరి పెరుగుదలను అడ్డగించును. ఆ అడ్డంకి యున్నందుననే కాల్షియము, కార్బొనేటు రెండును నీటిలో నిలిచి, పగడపు జీవికి తన అస్థిపంజరము కట్టుకొనుటకు అందుచున్నవి.

ఇంటి అద్దాల తొట్టిలో పగడములను పెంచువారికి ఈ విషయము తెలియకున్న ఎంత నష్టమో మేము కన్నులార చూచితిమి. మా మేనల్లుడొకడు అమెరికాలోని హ్యూస్టనులో నివసించుచున్నాడు. ఆ నగరమునకు దక్షిణమున, సముద్రతీరమందలి ఫ్రీపోర్టులో, 1941 మొదలు 1998 వరకు డౌ కంపెనీవారు సముద్రజలము నుండియే మెగ్నీషియము లోహమును తీసినారు. అట్టి చోట మావాడు మెగ్నీషియము కొరతతో బాధపడుచుండెను. అతని తొట్టిలో నీరు 200 లీటర్లు. నీటిని వెచ్చజేయు గొట్టముపైనను, పంపుపైనను తెల్లని పెచ్చు కట్టినది. రాతిపగడముల కొనలు పెరుగుట మానినవి. ఒకటి మొదటి నుండి తోలూడి తెల్లబడుచుండెను. "మామయ్యా, వారం వారం కాల్షియం పోస్తూనే ఉన్నాను, ఎక్కడికి పోతోందో తెలియడం లేదు" అని అతడు వాపోయెను. పోసినదంతయు పెచ్చుగా మారుచున్నదని ఆ గొట్టమే చెప్పుచుండెను.

మెగ్నీషియము కొలిచి చూడగా 1100 వచ్చినది. 180 మిల్లీగ్రాముల లోటు. అతడు వెంటనే లవణపు సంచి అందుకొనెను. మేము వారించి, ముందు నీటి లవణీయతను మరల కొలువుమంటిమి. అతని సాంద్రతామాపకము సరిగా లేక, ఎక్కువ చూపుచుండెను. 35 విలువగల ప్రమాణద్రవముతో సరిచూచిన వేరొక పరికరము 31 మాత్రమే చూపినది. నీరు పలుచబడినచో అందలి లవణములన్నియు అదే పాళ్లలో తగ్గును. 1280ని 35చే భాగించి 31చే గుణించిన సుమారు 1134 వచ్చును. అనగా లోటులో అధికభాగము మెగ్నీషియమునకు ప్రత్యేకించినది కాదు. ఉప్పు చాలని నీటిదే. ఆనాడే 180 మిల్లీగ్రాములకు సరిపడు లవణము పోసియున్నచో, తరువాత లవణీయతను సరిచేసినపుడు మెగ్నీషియము 1440 దాటియుండెడిది.

ఇక పరీక్ష విధానము. కొలిచిన తొట్టినీటిలో క్షారద్రవమును, రంగుసూచికను కలిపి, ఇ.డి.టి.ఎ. అను ద్రవమును చుక్కచుక్కగా వేయుదురు. ద్రాక్షరంగు పోయి స్వచ్ఛమైన నీలము వచ్చినపుడు ఆపవలెను. ఈ ద్రవము కాల్షియమును, మెగ్నీషియమును రెండింటిని పట్టుకొనును. కావున పలు పెట్టెలలో మొత్తము నుండి కాల్షియమును విడిగా కొలిచి తీసివేయుదురు; కాల్షియము కొలతలోని తప్పు మెగ్నీషియములోనికి వచ్చి చేరును. పిచికారిలో గాలిబుడగ ఉండరాదు. ఊదారంగు వద్దనే తొందరపడి ఆపరాదు. ఇరువది ముప్పది మిల్లీగ్రాముల తేడా చేతి పొరపాటు వలననే రావచ్చును. కనుక ఒక్క కొలతను నమ్మి లవణము పోయుట తగదు. రెండుమారులు చేసి, విలువ తెలిసిన ప్రమాణజలముతో పెట్టెను కూడ పరీక్షించుకొనవలెను.

మావాడు నాలుగైదు దినములలో, ఆవిరియైన నీటికి బదులు ఉప్పునీరు కలుపుచు, లవణీయతను మెల్లగా 35కు తెచ్చినాడు. అపుడు మెగ్నీషియము 1240 చూపినది. మిగిలిన లోటు 40 మిల్లీగ్రాములు. 200 లీటర్లకు 8 గ్రాముల మెగ్నీషియము కావలెను. స్ఫటికజలముతో కూడిన మెగ్నీషియము క్లోరైడులో మెగ్నీషియము నూటికి 12 పాళ్లు. కావున సుమారు 67 గ్రాముల లవణము చాలును. ఇది గాలిలోని తేమను పీల్చునది గనుక మూత బిగించి యుంచవలెను. మనము భేదిఉప్పని పిలుచు మెగ్నీషియము సల్ఫేటులో మెగ్నీషియము నూటికి 10 పాళ్లకు కొంచెము తక్కువ. దానినే నిరంతరము వాడినచో సల్ఫేటు పేరుకొనును. సముద్రమున సల్ఫేటు కంటె క్లోరైడు ఏడురెట్లు అధికము గనుక క్లోరైడు ప్రధానముగా, సల్ఫేటు స్వల్పముగా నుండవలెను. రోడ్లపై మంచు కరగించుటకు చల్లు లవణమున మలినము లుండవచ్చును. తొట్టికి శుద్ధమైనదే వాడవలెను.

లవణమును శుద్ధజలములో కరగించి, నీటి ప్రవాహము బలముగానున్న చోట కొంచెము కొంచెముగా పోయవలెను. లోటు పెద్దదైనచో దినమునకు 50 మిల్లీగ్రాములకు మించి పెంచకుండుట మేలు. మరునాడు మరల కొలువవలెను. మెగ్నీషియము మెల్లగా ఖర్చగునది. నిలకడ వచ్చిన పిదప నెలకొకసారి కొలిచినను చాలును.

మన దేశమున రాతిపగడములు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణచట్టము రక్షణలో నున్నవి; తీరమునుండి వానిని ఏరితెచ్చుట నేరము. కాని కొలత చూడక మందు పోయరాదను పాఠము చేపలతొట్టికిని, పెరటిమొక్కకును ఒక్కటే. కొన్ని నెలలకు మావాని జాబు వచ్చినది. తెల్లబడిన పగడము దక్కలేదట. మిగిలినవాని కొనలు మరల పెరుగుచున్నవట. సాంద్రతామాపకమును మాత్రము ప్రతి ఆదివారము వేడినీట కడుగుచున్నానని అతడు వ్రాసినాడు.