కొయ్యవిల్లు - కరక్కాయ రంగు

వేసవి సెలవులలో పల్లెబాలురు పచ్చికొమ్మ నొకదానిని విరిచి, వంచి, రెండు కొసలకును దారము కట్టి, విల్లని ఆడుకొందురు. ఉదయమున బాణమును దూరముగా విసరిన ఆ విల్లు సాయంకాలమునకు వంగినది వంగినట్లే యుండిపోవును. దారము విప్పినను కొమ్మ నిటారు కాదు. అనుభవజ్ఞుడు చేసిన విల్లన్ననో, పెక్కేండ్లు పనిచేయును. రెండును కొయ్యయే. భేదమంతయు చేయువాని తెలివిలోను, ఓర్పులోను కలదు.

విల్లు మానవుని ప్రాచీన సాధనములలో నొకటి. 1922లో అల్లూరి సీతారామరాజు నడపిన మన్యపు పోరాటమున గిరిజనులు విల్లమ్ములు చేపట్టిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవి మృగముల వేటను నిషేధించినది. నేడు విల్లు ముఖ్యముగా క్రీడాసాధనము. 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడకు చెందిన జ్యోతి సురేఖ విలువిద్యయందు మూడు స్వర్ణపతకములు గెలిచెను. ఆమె ధరించునట్టి విండ్లు యంత్రములవలె నుండును. అయినను వాని మూలసూత్రము కొయ్యవింటి సూత్రమే.

ఆ సూత్రమేమి? విల్లు వంగినప్పుడు విలుకానికి ఎదుటివైపున నున్న కొయ్యపోగులు సాగును. అతనివైపున నున్న పోగులు నొక్కుకొనును. చేతి బలము ఈ సాగుటలోను, నొక్కుకొనుటలోను దాగియుండి, నారిని విడిచినంతనే బాణమునకు చేరును. కావున సాగెడు వైపున పోగు ఒక్కటియైనను తెగరాదు. తెగినచో అచ్చటనే పగులు పుట్టి విల్లు రెండగును. ఇందువలన నేర్పరి ఆ వెలుపలివైపును బెరడు తీసి విడిచిపెట్టును, చెక్కుటయంతయు లోపలివైపుననే.

కొయ్య ముడులు లేనిదై, పోగులు నిడివిగా సాగినదై యుండవలెను. సంస్కృతమున ధన్వనమని పేరుగల చరచిచెట్టు కొయ్య సాగుగుణమునకు ప్రసిద్ధి. మంచి వెదురుబద్దయు పనికివచ్చును. పచ్చికొయ్యలో నీరుండుటచే అది వంగునే కాని తిరిగి లేవదు. కావున చీల్చిన కొయ్య కొసలకు మైనము పూసి, నీడలో నెలల తరబడి ఆరనీయవలెను. ఎండలో పెట్టి తొందరించినచో కొసలు నెఱ్ఱెలు విచ్చును.

ఆరిన కొయ్య విలుకాని యెత్తుకు ఇంచుమించు సమానముగా నుండవలెను. నడుమ పిడికిలి పట్టుచోట జానెడు మేర మందముగా నుంచి, అచ్చటినుండి రెండు కొసలవఱకు బాడిసతోను, చిత్రికతోను క్రమముగా సన్నము చేయుదురు. ఇచ్చట ఒక లెక్క మరువరాదు. వెడల్పు సగమైనచో వింటి బిగువు సగమగును. మందము సగమైనచో బిగువు సగము కాదు, ఎనిమిదవ వంతునకు దిగును. మందమున పదవవంతు తీసినంతనే బిగువు నాలుగవ వంతుకు మించి తగ్గును. తీసిన పొట్టును మరల అతికింప నెవరి తరము?

అందుచే కడపటి పని మిక్కిలి నెమ్మదిగా సాగును. వింటిని నడుమ నొక గుంజపై నానించి, నారిని కొంచెముకొంచెముగా క్రిందికి లాగి, దూరమునుండి చూడవలెను. రెండు కొమ్ములును నెలవంకవలె సమముగా వంగుచున్నవా? ఒకచోట బిగుసుకొని యున్నచో అచ్చట బొగ్గుతో గుర్తుపెట్టి, అంతమేరనే పలుచగా గీకవలెను. మిక్కిలి వంగుచోటును ముట్టరాదు. గీకిన ప్రతిసారియు పలుమారు మెల్లగా వంచి చూచిన పిమ్మటనే మరల కత్తి పట్టవలెను. జనుపనారను పేని, మైనము రాచినచో గట్టి నారి యగును.

ఇక రంగు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టపై నలుపు గీతలు గీయుటకు వాడు పద్ధతియే కొయ్యకును పనికివచ్చును. కరక్కాయల పెచ్చులను దంచి, రాత్రి నీట నానవేసి, ఆ నీటిని వింటికి రెండు పూతలు పూసి ఆరనీయవలెను. ముందుగనే వేఱొక కుండలో తుప్పుపట్టిన ఇనుపముక్కలను, బెల్లమును నీటిలో వేసి, గుడ్డ కట్టి, రెండుమూడు వారములు పులియనీయవలెను. ఆ పులుపులో ఇనుము కరగును. దీనిని కసిమి యందురు. వడగట్టిన కసిమిని కరక్కాయ పూతపై రాచినచో, చూచుచుండగనే కొయ్య బూడిదవన్నె దాలి, పిదప నల్లనగును. కరక్కాయలోని వగరుపదార్థము ఇనుముతో కలియుటయే దీనికి కారణము. పూర్వము కరక్కాయను అన్నభేదితో కలిపి సిరా చేయుటయు నీ ధర్మమువలననే. పసుపునకు సున్నము చేర్చినను ఎఱుపు వచ్చును గాని, అది ఎండకు త్వరగా వెలిసిపోవును.

ఈ రంగు దట్టమైన పొరవలె పైన నిలువక పోగులలో నింకును. కావున కొయ్యలో పగులు పుట్టినచో అది రంగుక్రింద దాగదు. విలుకాడు సకాలమున గుర్తింపగలడు. తడిసిన కొయ్యను మరల బాగుగా ఆరనిచ్చి, అవిసెనూనె రాచిన పిమ్మటనే వంచవలెను.

ఇట్టి పనిని బాలురు పెద్దల యెదుటనే చేయవలెను. బాణము లేకుండ నారిని లాగి విడువరాదు. బాణమునకు పోవలసిన బలము వింటినే విఱుచును. పనిలేనపుడు నారిని సడలింపవలెను. ప్రాణి యెదుటనున్నపుడు, ఆటకైనను, వింటిని ఎక్కుపెట్టరాదు.

కొయ్యను ఆరనిచ్చుటకు నెలలు, కసిమి పులియుటకు వారములు, కొమ్ములు సరిదిద్దుటకు దినములు పట్టును. వింటిని బలముతో వంచుట అందఱకును తెలియును. ఎచ్చట కత్తిని ఆపవలెనో తెలిసినవాడే విల్లు చేయగలడు.